రెండక్షరాల పెద్దవ్వ

"ఏడుగురా? ఆరుగురే కదా!"

2022 అక్టోబరులో ఒక రాత్రి, డబ్లిన్‌లో నేను అద్దెకున్న ఇంటి వంటగదిలో మా ఇంటావిడ అన్న మాట ఇది. మా ముందు 1911 నాటి ఐర్లండు జనాభా లెక్కల కాగితం ఉంది. ఆమె అమ్మమ్మ పుట్టిల్లు అది. పశ్చిమాన మేయో కౌంటీలో ఒక చిన్న రైతు ఇల్లు. ఆ ఏడాది లెక్కల్లో పెళ్ళయిన ఆడవాళ్ళని మూడు ప్రశ్నలు అడిగారు. పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, అందులో ఇప్పుడు బతికున్నదెందరు? ఆ ఇంటి తల్లి పేరుకెదురుగా మూడు అంకెలున్నాయి. 32, 9, 7.

మా ఇంటావిడ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. పొలం దక్కించుకున్న పెద్దన్న, అమెరికా వెళ్ళిన ఇద్దరు, లివర్‌పూల్‌లో స్థిరపడినతను, పక్క ఊరికి కోడలిగా వెళ్ళిన ఆమె, తన అమ్మమ్మ. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరుగురే. "గుమాస్తా తప్పు రాసుంటాడు" అని లేచి టీ పెట్టడానికి వెళ్ళింది. కానీ కెటిల్ దగ్గర నిలబడి చాలాసేపు ఇటు తిరగలేదు.

నేను డబ్లిన్ వెళ్ళింది వేరే పని మీద. మార్గరెట్ కజిన్స్ రచనల మీద నా పరిశోధన. రోస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే ఊళ్ళో 1878లో పుట్టి, 1908లో ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ స్థాపించిన వాళ్ళల్లో ఒకరై, ఓటు హక్కు కోసం జైలుకెళ్ళి, 1915లో మద్రాసు వచ్చిన మనిషి. 1919లో మదనపల్లెలో రవీంద్రుడి జనగణమనకి స్వరం రాసిపెట్టింది ఆమే. రాయలసీమ పిల్లనైన నాకు ఆ పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె వదిలి వెళ్ళిన ఐర్లండుని చూడాలని, ఆనాటి పత్రికలు చదవాలని రెండేళ్ళ ఫెలోషిప్పు మీద వెళ్ళాను. మా ఇంటావిడ డెబ్భై ఆరేళ్ళ రిటైర్డు నర్సు. కంటిచూపు మందగించింది. "నువ్వు పాత కాగితాల మనిషివి కదా, మా వాళ్ళని కూడా కాస్త వెతికిపెట్టు" అని అడిగితే, ఆదివారాల కాలక్షేపం అనుకుని ఒప్పుకున్నాను.

ఐర్లండులో పూర్వీకుల్ని వెతకడం మొదలుపెట్టిన ఎవరికైనా మొదట ఎదురయ్యేది ఒక పెద్ద శూన్యం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ఆవరణలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడులో కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనాభా లెక్కల కాగితాలు, శతాబ్దాల వీలునామాలు, ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లు ఎన్నో బూడిదయ్యాయి. అక్కడక్కడా కొన్ని తునకలు మిగిలాయి. అయితే అన్నీ మంటల్లోనే పోలేదు. 1861, 1871 కాగితాలను మొత్తాలు కూడుకున్నాక ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితం కరువొచ్చి గుజ్జుగా మారాయి. పూర్తిగా మిగిలిన వాటిలో మొదటివి 1901, 1911 లెక్కలే. అగ్నిప్రమాదం గురించి అందరూ చెబుతారు. గుజ్జు గురించి అంతగా చెప్పరు. యుద్ధంలో పోయినదానికి చరిత్ర ఉంటుంది. ఎవరికీ అక్కర్లేదని పారేసినదానికి ఉండదు.

మిగిలిన కాగితాల్లో ఆడవాళ్ళని వెతకడం ఇంకో ఎత్తు. 1847-64 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి మదింపులో ఉండేది ఇంటి యజమానుల పేర్లు. అంటే భర్త చనిపోతే తప్ప భార్య పేరు కాగితమెక్కదు. కాథలిక్కు చర్చి పుస్తకాలు కొంత నయం. బిడ్డ జ్ఞానస్నానం రాసేటప్పుడు తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రాసేవారు. పుట్టుక, చావు, పెళ్ళి అందరికీ ప్రభుత్వ రిజిస్టర్లో నమోదవడం 1864లో మొదలైంది. అంతకుముందు పుట్టిన వాళ్ళ వయసుకి రుజువుండదు. 1909లో డెబ్భై ఏళ్ళు దాటిన వాళ్ళకి పింఛను వచ్చింది. దాంతో 1901లో యాభై ఎనిమిదేళ్ళున్న మనిషి 1911కల్లా డెబ్భై ఒకటి దాటిపోవడం ఐర్లండు కాగితాల్లో సర్వసాధారణం. ఇది విని మా ఇంటావిడ పగలబడి నవ్వింది. "మా దగ్గరా అంతే" అన్నాను. పింఛను మాటెత్తితే వయసు పెరగని ఊరు ఎక్కడుంది?

నవ్వు ఆగాక 1901 కాగితం తెరిచాం. అదే ఇల్లు, అదే తల్లీతండ్రీ. పిల్లల వరుసలో రెండో పేరు బ్రిజిట్. వయసు పంతొమ్మిది. చదవడం రాయడం వచ్చు. ఐరిష్, ఇంగ్లీషు రెండు భాషలూ వచ్చు. వృత్తి గడిలో రైతు కూతురు. తల్లి వరుసలో మాత్రం చదవలేదు అని ఉంది.

"ఈమె ఎవరు?" అన్నాను.

"అమెరికా వెళ్ళిపోయిందని విన్నాను. బోస్టన్‌కి. తర్వాత ఉత్తరాలు లేవు." కాసేపు ఆగి, "అమ్మమ్మ ఆ మాట ఎత్తనిచ్చేది కాదు" అంది.

ఇంగ్లీషులో ఆ చుట్టరికానికి గ్రేట్ ఆంట్ అని ఒకే మాట. ఎవరి వైపు, పెద్దా చిన్నా ఏమీ తెలియదు. మా వైపు అమ్మమ్మని అవ్వ అంటాం, ఆమె అక్క పెద్దవ్వ అవుతుంది అని చెప్పాను. ఆమె రెండుమూడుసార్లు పలికి చూసుకుంది. ఆ రోజు నుంచి మాకు ఆమె పెద్దవ్వే.

అమెరికాలో పెద్దవ్వని వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. పంతొమ్మిదో శతాబ్ది చివర ఐర్లండు నుంచి వలస వెళ్ళిన వాళ్ళలో దాదాపు సగం మంది ఆడవాళ్ళు. యూరప్‌లో మిగతా దేశాల వాళ్ళలా భర్తతోనో తండ్రితోనో కాదు, పెళ్ళికాని పిల్లలు ఒంటరిగా ఓడెక్కారు. ఇళ్ళల్లో పనికి కుదిరి, చెల్లెలి టిక్కెట్టుకి డబ్బు పంపేవాళ్ళు. చెల్లెలు వచ్చి ఇంకో చెల్లెలికి పంపేది. బ్రిజిట్ అనే పేరు ఎంత మామూలంటే, దాని ముద్దుపేరు బిడ్డీ అమెరికాలో ఐరిష్ పనిమనిషికి మారుపేరైపోయింది. బోస్టన్‌లో వెలువడిన పైలట్ పత్రిక 1831 నుంచి 1921 దాకా తప్పిపోయిన వాళ్ళ కోసం ప్రకటనలు వేసింది. ఫలానా కౌంటీ, ఫలానా ఊరు, ఫలానా ఏడు ఓడ దిగింది, ఆచూకీ తెలిస్తే చెప్పండి అంటూ. తొంభై ఏళ్ళ పాటు ఒక జాతి తన వాళ్ళని వెతుక్కున్న పేజీలవి. వాటిలో ఎందరో బ్రిజిట్లున్నారు. మా పెద్దవ్వ లేదు.

ఆధారం వేరే చోట దొరికింది. పెద్దవ్వ తర్వాతి చెల్లెలు 1907లో ఓడెక్కింది. అమెరికా రేవుల్లో దిగేవాళ్ళని అప్పట్లో నీ టిక్కెట్టు డబ్బు ఎవరిచ్చారు, ఎవరి దగ్గరికి వెళుతున్నావు అని అడిగి రాసుకునేవారు. ఆ పిల్ల మేనత్త దగ్గరికి అని చెప్పింది. టిక్కెట్టు ఇచ్చిందీ మేనత్తే. అక్క బోస్టన్‌లో ఉంటే ఏ చెల్లెలైనా మేనత్త పేరు చెబుతుందా? ఆ కాగితం ముందు మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. పెద్దవ్వ ఓడెక్కలేదు.

మరి ఐర్లండులోనే ఉన్నట్టయితే? పెళ్ళిళ్ళ రిజిస్టర్లో లేదు. చావుల రిజిస్టరు వెతకడానికి మా ఇంటావిడ ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ ప్రాంతంలో అదే పేరూ ఇంటిపేరూ ఉన్నవాళ్ళు పదకొండు మంది. ఒక్కొక్క కాగితం తెరుస్తూ వెళ్ళాం. తొమ్మిదో కాగితంలో, 1919. అవివాహిత. వయసు 40 అని రాశారు, నిజానికి 37. వృత్తి, రైతు కూతురు. చావుకి కారణం క్షయ. చనిపోయిన చోటు జిల్లా పిచ్చాసుపత్రి. ఎవరో ఓపికగల గుమాస్తా పక్కనే ఆమె సొంతూరి పేరు కూడా రాశాడు. మా ఇంటావిడ వేసవి సెలవులు గడిపిన ఊరు అది.

ఆ ఆసుపత్రి 1911 జనాభా లెక్కల కాగితాలు తెరిచాను. ఇళ్ళ కాగితాల్లో మనుషులకి పేర్లుంటాయి. పిచ్చాసుపత్రుల కాగితాల్లో ఉండవు. పేరులో మొదటి అక్షరం, ఇంటిపేరులో మొదటి అక్షరం, అంతే. పక్కన వయసు, మతం, చదువు, పని, కౌంటీ. పేజీల నిండా రెండేసి అక్షరాలు. గోప్యత కోసం అని వివరణ. ఎవరి గోప్యత? లోపల ఉన్న వాళ్ళదా, బయట ఉన్న కుటుంబానిదా?

పెద్దవ్వ అక్షరాలతో ఇద్దరున్నారు. ఇద్దరూ అవివాహితలు, ఇద్దరూ రైతు కూతుళ్ళు, ఇద్దరూ మేయో వాళ్ళే. ఒకామెకి 28, ఇంకొకామెకి 31. ఆనాటికి పెద్దవ్వకి 29.

సరిగ్గా అదే 1911 ఏప్రిల్ 2 రాత్రి గురించి నేను పగలంతా లైబ్రరీలో చదువుతున్నాను. ఓటు లేని మాకు లెక్కలో చోటెందుకు అని ఫ్రాంచైజ్ లీగ్ ఆ జనాభా లెక్కల్ని బహిష్కరించమని పిలుపునిచ్చింది. కొందరు ఆ రాత్రి కావాలనే ఇళ్ళల్లో లేకుండా పోయారు. కొందరు లెక్క రాయడానికొచ్చిన పోలీసులకి వివరాలు చెప్పలేదు. నా నోట్సులో దాన్ని అజ్ఞాతం ఒక ఆయుధం అని రాసుకున్నాను, ఒక వ్యాసానికి మంచి శీర్షిక అని మురిసిపోయాను కూడా. ఆ రాత్రే పెద్దవ్వని లెక్కపెట్టారు. ఆమె కాదనగలదా అవుననగలదా అని ఎవరూ అడగలేదు. తన పేరుని తాను దాచుకోగలగడానికి ముందు ఆ పేరు తనదై ఉండాలి. ఇంత చదివీ ఈ చిన్న సంగతి నాకు ఆ రెండక్షరాలు చూసేదాకా తట్టలేదు. ఆ బహిష్కరణ విలువ దీనివల్ల తగ్గదు. కానీ నా శీర్షికని కొట్టేశాను.

2023 వసంతంలో అనుమతి దొరికి కేసు పుస్తకం చూశాం. 1906లో చేర్చారు. ఇద్దరు మేజిస్ట్రేట్ల సంతకాలున్నాయి. 1838 నాటి ప్రమాదకర ఉన్మాదుల చట్టం, 1867లో సవరించారు, 1940ల దాకా నడిచింది. ఎవరైనా ఫిర్యాదు చేసి మేజిస్ట్రేట్లు ఒప్పుకుంటే చాలు. ఆ చట్టం కింద పంపిన మనిషిని చేర్చుకోనని ఆసుపత్రి అనడానికి వీల్లేదు. కుటుంబాలకి అది సులువైన దారి అయింది. లోపలికి వెళ్ళిన వాళ్ళలో మగవాళ్ళు తక్కువేమీ కాదు. అందరూ అన్యాయంగా వెళ్ళినవాళ్ళూ కాదు, నిజంగా జబ్బు పడినవాళ్ళూ ఉన్నారు. కానీ 1950ల నాటికి ఆ చిన్న దేశంలో ఇరవై వేల మంది మానసిక ఆసుపత్రుల్లో ఉన్నారంటే, అదంతా జబ్బే అనుకోలేం.

ఫిర్యాదు చేసింది పెద్దన్న. అతని పెళ్ళి 1906లోనే అయిందని మాకు అప్పటికే తెలుసు. కరువు తర్వాతి ఐర్లండులో పొలం ముక్కలు చెయ్యకుండా ఒక్క కొడుక్కే ఇచ్చేవారు. కోడలు తెచ్చిన కట్నంతో ఒక ఆడపిల్లకి కట్నమిచ్చి పంపేవారు. ఆ డబ్బుని వాళ్ళు ఫార్చ్యూన్ అనేవారు. మన కట్నానికి అంత అందమైన పేరు మనం పెట్టుకోలేదు. మిగతా పిల్లలు ఓడెక్కాలి. కట్నానికీ నోచుకోక, ఓడా ఎక్కని ఇరవై నాలుగేళ్ళ ఆడబిడ్డ కొత్త కోడలి ఇంట్లో ఏమవుతుంది? వదిన మీద చెయ్యి చేసుకుందని ఫిర్యాదులో ఉంది. జరిగే ఉండొచ్చు. ఎందుకు చేసుకుందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

తర్వాత పదమూడేళ్ళకి ఒక్క పేజీ సరిపోయింది. ఏడాదికి ఒకటో రెండో వాక్యాలు. ఇస్త్రీగదిలో పని చేస్తుంది. మౌనంగా ఉంటుంది. మార్పు లేదు. మార్పు లేదు. మార్పు లేదు. చేరినప్పుడు వయసు 25 అని ఉంది. ఆ లెక్కన 1911కి ముప్పై. ఆ రెండక్షరాల వాళ్ళలో 28 ఆమె కాదు, 31 ఆమె కూడా కాదు.

నేను ఆ పేజీని వాక్యం వాక్యం ఎత్తి రాసుకుంటున్నాను. తేదీలు, చేతిరాత మారిన చోట్లు, సిరా రంగు. నా లోపల ఒక వ్యాసం తయారవుతోంది. మా ఇంటావిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"నీకు ఆధారం దొరికింది. నాకు మనిషి దొరికింది. కాసేపు రాయకు."

సిగ్గుతో పెన్ను మూశాను. స్త్రీల మౌనాల గురించి సెమినార్లలో మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. ఒక స్త్రీ మౌనం నా ఎదురుగా బల్ల మీద ఉంటే దాన్నుంచి కొటేషన్లు ఏరుకుంటున్నాను. ఏడాదికి ఒకసారి వచ్చి మార్పు లేదు అని రాసుకుపోయిన డాక్టరుకీ నాకూ ఆ క్షణంలో ఎంత తేడా ఉంది?

ఈ సంగతి తెలిసి పొలం ఇంట్లో ఉన్న బంధువు ఫోను చేశాడు. ఆ పెద్దన్న మనవడు. "పోయినవాళ్ళని పోనివ్వక ఇప్పుడెందుకు తవ్వడం? మా తాతని దుర్మార్గుణ్ణి చేస్తావా?" అన్నాడట. ఆమె నిదానంగా, "మీ తాత గురించి నేనేమీ అనలేదు. మీ తాత అక్కాచెల్లెళ్ళెందరో అడుగుతున్నాను" అని చెప్పింది. అతను ఫోను పెట్టేశాడు. ఇది రాసేటప్పటికి కూడా వాళ్ళ మధ్య మాటల్లేవు. వెతకడానికి ఒక ఖర్చుంటుంది, దాన్ని కట్టింది నేను కాదు.

ఆ తర్వాత ఒక ఆదివారం, మరేదో వెతుకుతూ ఐరిష్ పేర్ల మీద ఒక పుస్తకం తిరగేస్తున్నాను. బ్రిజిట్ అనే పేరుకి ఆ రోజుల్లో వాడుకలో ఉన్న రూపాలు. బ్రైడీ, బిడ్డీ, బెడీలియా, డీలియా. చదువుతూ ఆగిపోయాను. మా ఇంటావిడ వాళ్ళమ్మ పేరు డీలియా.

వంటింట్లోకి వెళ్ళి ఆమెకి ఆ పేజీ చూపించాను. అమ్మమ్మకి 1913లో పెళ్ళయింది. 1914లో మొదటి ఆడపిల్ల పుట్టింది. అప్పటికి పెద్దవ్వ ఆసుపత్రి ఇస్త్రీగదిలో బతికే ఉంది. ఊరంతటికీ వినబడేలా, ఎవరికీ తెలియకుండా, అక్క పేరుని కూతురికి పెట్టుకుంది ఆ అమ్మమ్మ. మాట ఎత్తనివ్వని మనిషి రోజుకి నూరుసార్లు ఆ పేరు పిలిచింది. మా ఇంటావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మా అమ్మకి తెలుసా?" అంది. ఆ ప్రశ్నకి ఏ రిజిస్టర్లోనూ జవాబు లేదు.

అప్పుడు మళ్ళీ మొదటి కాగితం తీశాం. 32, 9, 7. అంతకుముందే 1882 నాటి పుట్టుక రిజిస్టర్లో ఆ తల్లిని చూశాం. బిడ్డ పుట్టిందని చెప్పడానికి తనే నడిచి వెళ్ళింది, సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టింది. మన దగ్గరయితే వేలిముద్ర. అక్షరం రాని ఆ తల్లిని 1911లో నీ పిల్లల్లో ఎందరు బతికున్నారని అడిగారు. కొడుకూ కోడలూ అదే ఇంట్లో ఉన్నారు. ఊళ్ళో అందరికీ బోస్టన్ అని చెప్పుకున్న కథ ఉంది. ఆమె ఏడుగురు అంది. గుమాస్తా తప్పు కాదు. ఆ ఇంట్లో ఎవరూ పలకని మనిషిని ఒక అంకెలో దాచిపెట్టింది తల్లి. నూటపదకొండేళ్ళ తర్వాత ఆ అంకె పట్టుకునే మేం బయల్దేరాం.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి, "అమ్మా, మీ అవ్వ వాళ్ళమ్మ పేరేంటి?" అని అడిగాను. అమ్మ ఆలోచించింది. "మేమందరం ముసలవ్వ అనేవాళ్ళం. పేరు… ఉండు, మీ మామని అడుగుతా." మామకీ తెలియదు. మా తాత తండ్రి పేరు మాత్రం పొలం పాసుపుస్తకాల కథల్లో ఇప్పటికీ వినబడుతుంది. మా ముసలవ్వ విషయంలో ఏ ఆఫీసూ కాలిపోలేదు. గుజ్జు చేసినవాళ్ళూ లేరు. ఎవరూ అడగలేదు, అంతే.

నేను తిరిగొచ్చే ముందు ఇద్దరం ఆ ఆసుపత్రి శ్మశానానికి వెళ్ళాం. గడ్డి కోసి శుభ్రంగానే ఉంచారు. విడివిడి సమాధుల గుర్తులు లేవు. అందరికీ కలిపి ఒకే రాయి. మా ఇంటావిడ రెండు పూలగుత్తులు తెచ్చింది. రెండెందుకన్నాను.

"కాగితంలో ఇద్దరున్నారు కదా. మనది ఎవరో తెలియలేదు. రెండోదాని కోసం ఎవరైనా వచ్చారో లేదో."

పెద్దవ్వ ఇంటిపేరు ఇక్కడ రాయవద్దని మా ఇంటావిడ అడిగింది, పొలం ఇంట్లో వాళ్ళ కోసం. రాయలేదు. మొదటి పేరు మాత్రం తప్పక రాయమంది. ఆమె పేరు బ్రిజిట్.